రెండో ఆల్బంలో బేస్ వాయించినవాడు

ఇది ఒక మహాగాథ. ఇందులో నమ్మకద్రోహం ఉంది. మారుపేరు వెనక దాక్కున్న శత్రువు ఉన్నాడు. పట్టపగలు జరిగిన వెంబడింపులు ఉన్నాయి. ఒక మహానగరం రెండు వర్గాలుగా చీలిపోయి, మూడు తరాలపాటు చెప్పుకోదగ్గ యుద్ధం ఉంది.

ఏమీ లేదు. ముగ్గురు మనుషుల బ్యాండు ఒకటి, దాని రెండో ఆల్బం, ఆ ఆల్బంకి వచ్చిన ఒకే ఒక్క రివ్యూ. అంతే. నగరం చీలలేదు, దానికి ఆ సంగతే తెలియదు. మూడు తరాల మాటకొస్తే, మా ఇంట్లో ఉన్న రెండు తరాలకే నేనేం వాయిస్తానో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అమ్మ వీణ లాంటిదని పక్కింటివాళ్లకు చెప్పింది. నాన్న దాన్ని ‘ఆ సామాను’ అంటాడు.

అయినా ఆ రివ్యూ వచ్చాక పదహారు రోజులు నేను ఎవరినీ నమ్మలేదు. ఎందుకంటే అందులో ఒక వాక్యం నన్ను బ్యాండులోంచి తీసేయబోతున్నారని చెప్పింది. నాతో ఎవరూ చెప్పని సంగతి దానికెలా తెలిసిందో తేల్చుకోవడమే ఆ పదహారు రోజులూ నా పని. ఆఫీసు పని కూడా చేశాను కానీ, దాన్ని పనిగా లెక్కవేయడానికి మా మేనేజరే ఒప్పుకోలేదు.

నేను బేస్ గిటార్ వాయిస్తాను. తెలియనివాళ్ల కోసం చెప్పాలంటే అది సాంబారులో ఇంగువ లాంటిది. వేస్తే ఎవరూ మెచ్చుకోరు, వేయకపోతే ఏదో తగ్గిందంటారు. పాటలు రాసేదీ పాడేదీ, మామూలు గిటార్ వాయించేదీ నాతోపాటు కుందలహళ్ళిలో అద్దెకుండే స్నేహితుడు. వాడిది గోదావరి వైపు, నాది ఒంగోలు. ఇద్దరివీ పక్కపక్క ఆఫీసులు. మూడోవాడు డ్రమ్మర్. మాకన్నా నాలుగేళ్లు పెద్ద, అందుకని అన్నా అంటాం. ఆయనది కాటన్‌పేటలో తాతల కాలంనుంచీ బట్టల హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, కోపమొస్తే రెండూ.

మేం వాయించేది గరాజ్ రాక్. కార్ల షెడ్డులో కూర్చొని, ఉన్న వాయిద్యాలతో, వచ్చినంతలో, గట్టిగా వాయించే సంగీతం అది. బెంగళూరులో కార్ల షెడ్డు ఉన్నవాళ్లు అందులో అద్దెకు మనుషుల్ని పెడతారు, కారు రోడ్డుమీద పెడతారు. కాబట్టి మాకు షెడ్డు దొరకలేదు. డ్రమ్మరన్న వాళ్ల గోదాము దొరికింది. నాలుగు గోడల పొడుగునా పైకప్పుదాకా బట్టల బేళ్లు. ఆదివారం మధ్యాహ్నం అంగడి మూసేశాక మధ్యలో మిగిలిన పన్నెండడుగుల చోటు మాది. ఎంత మోత మోగించినా బేళ్లు మింగేస్తాయి. పక్కింట్లో కునుకు తీసే ముసలావిడకు కూడా మేం ఒక బ్యాండని తెలియదు. ఆ విషయంలో ఆవిడా సంగీత ప్రపంచమూ ఒకటే.

మొదటి ఆల్బం వచ్చినప్పుడు ఎవరో ఇంటర్నెట్‌లో రెండు వాక్యాలు రాశారు. ఒకటి మెచ్చుకోలు, ఒకటి పొరపాటున మెచ్చుకోలు. ఆ ధైర్యంతో రెండోది మొదలుపెట్టాం. ఈ సంగతి తెలిసి డ్రమ్మరన్న వాళ్ల నాన్నగారు గోదాము తాళంచెవి చేతిలో పట్టుకొని చాలాసేపు ఆలోచించారు.

“రెండోదా? మొదటిది అయిపోయిందా?” అన్నారు.

“అయిపోవడమంటే... అది అందరూ వినడానికి అక్కడే ఉంటుందండీ,” అన్నాన్నేను.

“కదల్లేదు అంటావు.”

“అలా కాదండీ...”

“మొదటి సరుకు కదలక ముందే రెండో సరుకు దించుకుంటా ఉండారు. ఏం యాపారమప్పా ఇది?” అని తాళం ఇచ్చేసి వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన విమర్శలన్నిటిలోకీ సూటిగా ఉన్నది అదే. దాన్ని ఎవరు రాశారన్న అనుమానం కూడా లేదు.

రెండో ఆల్బంలో ఏడు పాటలు. నీళ్ల ట్యాంకరు మీద ఒకటి, ఇంటి ఓనరు పెట్టే షరతుల మీద ఒకటి, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన అంబులెన్సు డ్రైవరు మనసులో మాటగా ఒకటి, ఇలా. పనులు పంచుకున్నాం. రాసేది, పాడేది, చివర్లో సాపు చేసేది సింగర్. చోటూ, రికార్డు చేసే మిషనూ డ్రమ్మరన్నవి. మిగతావన్నీ నావి. మిగతావన్నీ అంటే పోస్టరూ, మెయిళ్లూ, కాఫీలూ.

ఆఖరి పాట రికార్డయిన రోజే నేను ఉత్సాహం ఆపుకోలేక మిషన్‌లో ఉన్నవి ఉన్నట్టుగా ఒక ఫోల్డర్‌లో పెట్టి, పదకొండుమంది రివ్యూలు రాసేవాళ్లకు పంపేశాను. ప్రతి పాటా మొదటి పది సెకన్లు విని చూసుకున్నాను, మోగుతోంది. సింగర్ ఆ తర్వాత రెండు వారాలు కూర్చొని, అక్కడా ఇక్కడా సాపు చేసి, అప్పుడు లోకానికి విడుదల చేశాడు. రివ్యూలు రాసేవాళ్లకు మళ్లీ పంపాలా అని నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

పదకొండుమందిలో పదిమంది ఏమీ అనలేదు. పదకొండోవారు రివ్యూ రాశారు. నగరంలో సంగీతం గురించి ఇంగ్లిషులో రాసే ఒక వెబ్ పత్రిక, కింద సంతకం మారుపేరు. శనివారం పొద్దున నేను పక్కమీదే పడుకొని చదివాను. సారాంశం ఇది. పాటల్లో మాటలు బాగున్నాయి. పాడేవాడు రోడ్డుకు అవతలున్న ఆటోని పిలుస్తున్నట్టు పాడతాడు. గిటార్ ఫరవాలేదు. ఆల్బం మొత్తంలో నిజంగా కొత్తగా ఉన్నది డ్రమ్ములే. ఆ డ్రమ్మర్ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎవరికోసమో బస్‌స్టాపులో నిలబడినట్టు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడంలో ఏదో దయ ఉంది. ఇక బేస్ సంగతికొస్తే, ఆ చోటికి వేరే మనిషిని చూస్తున్నారన్న విషయం పాపం ఆ వాయించేవాడికి ఇంకా తెలిసినట్టు లేదు.

నేను లేచి కూర్చున్నాను. నా జీవితంలో పత్రికలో నా గురించి వచ్చిన మొదటి వాక్యం. అందులో పేరు లేదు కానీ ‘పాపం’ ఉంది.

హాల్లోకి వెళ్తే సింగర్ పార్సిల్ విప్పి ఇడ్లీ తింటున్నాడు.

“రివ్యూ చూశావా?”

“చూశా.”

“ఎప్పుడు?”

“నిన్న.”

“మరి గ్రూపులో పెట్టలేదే?”

“పెడదామనుకున్నా మామా. ఛార్జింగ్ లేదు.”

ఛార్జింగ్ లేని ఫోన్‌లో వీడు రివ్యూ ఎలా చదివాడు? మనసులో రాసుకున్నాను.

“బేస్ గురించి రాశారు.”

“ఊఁ.”

“ఊఁ అంటే?”

“రాశారు కదా అంటున్నా. ఆ చట్నీ ఇటు ఇవ్వు.”

“వాళ్లకెవరు చెప్పారంటావ్?”

వాడు ఇడ్లీ నములుతూ గోడకేసి చూశాడు. మా గోడమీద చూడటానికి ఏమీ లేదు. పాత టెనెంటు కొట్టిన మేకు ఒకటుంది. దాన్ని అంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంతవరకూ లేడు.

“అవన్నీ పట్టించుకోకురా. వాళ్లు ఏదో ఒకటి రాయాలి కదా,” అన్నాడు చివరికి.

అప్పుడే నాకు తెలిసిపోయింది. ఆ రివ్యూ రాసింది వీడే.

నా దగ్గర సాక్ష్యాలు లేకపోలేదు. వీడికి ఇంగ్లిష్ బాగా వచ్చు. మారుపేరు పెట్టుకునే తెలివుంది. గోదాములో జరిగేవి తెలిసింది ముగ్గురికే, అందులో నేను రాయలేదు. మరి తన పాటనే ఆటోని పిలిచినట్టుందని ఎందుకు రాసుకుంటాడు? అనుమానం రాకుండా ఉండటానికి! నేరస్తుడు తెలివైనవాడైతే తన వేలికి తనే కాస్త గాయం చేసుకుంటాడు. ఈ తర్కంతో ఎవరినైనా దేనికైనా దొరకబుచ్చుకోవచ్చని నాకు అప్పుడు తోచలేదు.

మర్నాడు ఆదివారం ప్రాక్టీసు లేకపోవడంతో, మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో తలనొప్పని చెప్పి కాటన్‌పేట వెళ్లాను. డ్రమ్మరన్న అంగట్లో ఎవరో యలహంకనుంచి వచ్చిన టైలరుకు లైనింగు గుడ్డ కొలిచి ఇస్తున్నాడు. మనిషి కూర్చున్నా, నిలబడినా, గుడ్డ కొలిచినా అంతా ఒకే లయలో ఉంటుంది. ఆరోజు మాత్రం అంగడి వెనక అద్దంలో ఆయన తల కొంచెం కొత్తగా దువ్వినట్టు కనబడింది.

“రివ్యూ చదివావా అన్నా?”

“చదివినా. మా చెల్లెలు చదివి చెప్పింది, నేను మళ్లా చదివినా. మా చిన్నాయనకు పంపిచ్చినా. ఆయప్ప చదివి ఫోన్ చేసినాడు.”

“బేస్ గురించి రాసింది కూడా చదివావా?”

కత్తెర ఆగింది. “అదీ ఉండాది.”

“వాళ్లకెవరు చెప్పుంటారు?”

“నాకేం తెల్దప్పా. రాసినోళ్లను అడుగు.”

“సింగరేమైనా...”

“సుమ్మనే ఊరికే తల చెడుపుకుంటా ఉండావు. కాఫీ తాగుతావా?” అని టైలరు వైపు తిరిగి, “ఎంత అంటివి? ఆరు మీటర్లా?” అన్నాడు.

“నాలుగు,” అన్నాడు టైలరు.

ఈయన చేతిలో కొలత తప్పడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. కాబట్టి అనుమానితుల జాబితాలో ఈయననూ చేర్చాను. అసలు రివ్యూలో బాగుపడింది ఎవరు? డ్రమ్మర్. దయ ఉందట! దెబ్బకూ దెబ్బకూ మధ్య దయ! బట్టల వ్యాపారంలో మూడు శాతం తగ్గించమంటే రెండు గంటలు బేరమాడే కుటుంబంలో దయ ఎక్కడినుంచి వచ్చింది?

జాబితాలో ఇద్దరయ్యారు. బ్యాండులో మిగిలింది కూడా ఆ ఇద్దరే. దర్యాప్తు చాలా వేగంగా సాగుతోందనిపించింది.

గురువారం మరో మలుపు. సింగర్ మధ్యాహ్న భోజనానికి నన్ను పిలవకుండా వెళ్లాడు. మామూలుగా ఇద్దరం కలిసి టెక్ పార్కు గేటుకు ఎదురుగా ఉన్న ఆంధ్రా మెస్సుకు వెళ్తాం. నేను పది నిమిషాలు ఆగి వెనకే వెళ్లాను. వెంబడించడం అనేది సినిమాల్లో చూసినంత తేలిక కాదు. కుందలహళ్ళిలో ఒంటిగంటకు రోడ్డు దాటడానికే ఏడు నిమిషాలు పట్టింది. ఈలోగా నేను వెంబడిస్తున్న మనిషి చారుదాకా వచ్చేశాడు.

చేతులు కడుక్కునే చోట నిలబడి అద్దంలోంచి చూశాను. సింగర్ ఎదురుగా భుజాలదాకా జుట్టున్న ఒకతను. అతని పక్కన గోడకు ఆనించి ఒక పొడుగాటి నల్లసంచీ. నాకూ అలాంటి సంచీ ఉంది. అందులో పట్టేది ఒకే ఒక్క వాయిద్యం.

నేను మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. వడ్డించేవాడు దగ్గరికొచ్చి, “కూర్చోండి సార్, చేతులు బానే ఉన్నాయి,” అన్నాడు. కూర్చోలేదు. ఆకలి వేసింది కానీ అవమానభారంతో ఉన్న మనిషి పప్పన్నం తినకూడదని ఏదో నియమం ఉన్నట్టు అనిపించింది. తర్వాత ఆఫీసు క్యాంటీన్‌లో శాండ్విచ్ తిన్నాను. దానికి ఆ నియమం వర్తించదు.

ఆ ఆదివారం ప్రాక్టీసుకు వెళ్లాను. ఎవరూ రివ్యూ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. మధ్యమధ్య నేనేదో జోకేస్తే ఇద్దరూ నవ్వారు. నాకు ఆ నవ్వుల మీద కూడా అనుమానం వచ్చింది. నిజంగా నవ్వుతున్నారా, నన్ను పంపించేదాకా ఓర్చుకుంటున్నారా? ఇంటికొచ్చాక సింగర్ లాప్‌టాప్‌లో ఏదో చేసుకుంటున్నాడు. నేను నీళ్లు తాగడానికి వెనకనుంచి వెళ్లగానే టప్పున మూసేశాడు.

“ఏంట్రా అది?”

“ఆఫీసు పని.”

ఆదివారం ఆఫీసు పని చేసే మనిషి కాదు వాడు. సోమవారం కూడా కాదు.

ఇక తట్టుకోలేక రివ్యూ రాసినవాళ్లకే మెయిల్ రాశాను. ఇంగ్లిషులో, చాలా మర్యాదగా, లాయరు నోటీసుకీ సెలవు చీటీకీ మధ్యలో ఉండే భాషలో. మా బ్యాండు అంతర్గత విషయాలు తమకు ఏ ఆధారం ద్వారా తెలిశాయో దయచేసి తెలియజేయగలరని, ఆ ఆధారం ఎవరో బయటపెట్టడం ఇష్టం లేకపోతే కనీసం అతనికి గడ్డం ఉందో లేదో చెప్పినా చాలని. డ్రమ్మరన్నకు గడ్డం ఉంది, సింగర్‌కు లేదు. ఇంత ఆలోచించి రాశాను.

రెండు రోజులకు జవాబు వచ్చింది. తెలుగులో వచ్చింది.

“మీరే చెప్పారు కదండీ. మీరు పంపిన ఫోల్డర్‌లో ఏడో పాట, నాలుగు నిమిషాల తర్వాత వినండి. మా అమ్మ వాళ్లది హిందూపురం, అందుకని మాటలు అర్థమయ్యాయి. అది ఆల్బంలో భాగమే అనుకున్నాను, గరాజ్ వాళ్లు అలాంటివి పెడతారు కదా. బాగా కుదిరింది కూడా. తర్వాత విడుదలైనదాంట్లో అది లేదని ఇప్పుడే చూశాను. పొరపాటయితే క్షమించండి. గడ్డం సంగతి నాకు తెలియదు.”

బెంగళూరులో మేం తెలుగువాళ్లం చేసే తప్పు ఒకటే. పక్కవాళ్లకు తెలుగు రాదనుకుంటాం. ఇల్లు అద్దెకు తీసుకున్న రోజు ఓనరు ఎదురుగానే నేనూ సింగరూ ఆయన విగ్గు గురించి పది నిమిషాలు చర్చించుకున్నాం. ఆయన ఓపిగ్గా విని, తాళాలు చేతికిస్తూ, “ఇది విగ్గు కాదండీ, రంగే కొంచెం ఎక్కువైంది,” అన్నాడు. ఆరోజునుంచైనా నేర్చుకోవాల్సింది. లిఫ్టులోనూ ఆటోలోనూ మెట్రోలోనూ ఇప్పటికీ అదే ధీమా. గోదాములో అయితే బేళ్లు తప్ప ఇంకెవరూ లేరు కదా.

హెడ్‌ఫోన్లు పెట్టుకొని విన్నాను. పాట మూడు నిమిషాల యాభై సెకన్లకు అయిపోతుంది. మిషన్ ఎవరూ ఆపలేదు. ముందు నా గొంతే వినబడింది. కాఫీ తెస్తాను, ఎవరికి చక్కెర వద్దో చెప్పకండి, నేనే ఊహించి తప్పు తెస్తానని. నవ్వులు. షట్టరు పైకి లేచిన చప్పుడు, దిగిన చప్పుడు.

“పోయాడా?” సింగర్ గొంతు.

“పోయినాడు.”

“రెండో చరణంలో మళ్లీ వెనకపడ్డాడు, చూశావా అన్నా?”

“నేను ఆగినా కదప్పా. ఆయప్ప వచ్చిందాకా ఆగి కొట్టినా.”

“ఎన్నాళ్లని ఆగుతావు?”

“ఏడు పాటలకూ ఆగినా. ఇప్పుడు చేతికి అదే అలవాటైపోయుండాది.”

“మా పక్క టీములో ఒకతను వాయిస్తాడు. అడగనా?”

“ముందు ఈయప్పకు చెప్పల్ల కదా. చెప్పకుండా ఇంకొకర్ని పిలిస్తే ఏం బాగుంటాది?”

“చెప్పానన్నా. మూడుసార్లు చెప్పాను.”

“ఏమన్నాడు?”

“ఏమంటాడు! నవ్వించాడు. నేనూ నవ్వాను. ఒకసారి నవ్వాక మళ్లీ మొహం పెట్టుకొని అదే మాట చెప్పడం నాకు చేతకావట్లేదు. వాడికి ఏ మాటైనా జోకుగానే చేరుతుంది.”

“మనిషి మంచోడు.”

“మంచోడే అన్నా. రోజూ వాడితోనే కదా ఉండేది. అందుకే భయం.”

షట్టరు చప్పుడు. మళ్లీ నేను. మూడు కాఫీలున్నాయి, ఒకదాంట్లో చక్కెర లేదు, ఎవరికొస్తే వాళ్ల జాతకం అన్నాను. ఇద్దరూ నవ్వారు. ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వారు. ఆరోజు నాకది వినబడలేదు. హెడ్‌ఫోన్లలో బాగా వినబడింది.

మూడుసార్లు చెప్పాడట. కూర్చొని గుర్తు తెచ్చుకున్నాను. నిజమే, మూడుసార్లూ గుర్తొచ్చాయి. ఒకసారి, లయ తప్పకుండా కొట్టే ఆ మెట్రోనోమ్ పెట్టుకొని ప్రాక్టీస్ చెయ్యకపోతే కష్టంరా అన్నాడు. నా గుండే నా మాట వినదు, ఇంక నా వేళ్లు ఆ టిక్కుటిక్కుమనేదాని మాట వింటాయా అన్నాను. ఇంకోసారి మెట్రోలో, నువ్వు పాట వినట్లేదు, వాయిస్తున్నావంతే అన్నాడు. నీ గొంతు దగ్గరగా విన్నవాడెవడైనా చేసే పని అదే అన్నాను. మూడోసారి ఏకంగా, ఇలాగైతే వేరేవాళ్లను చూసుకోవాల్సొస్తుంది అన్నాడు. తప్పకుండా చూసుకుందాం, నాకు కూడా నీ బదులు ట్యాంకరు హారన్ దొరికింది, జీతం అడగదట అన్నాను. ఆరోజు ఇద్దరం మెట్లమీద కూర్చొని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. నేను ఆ రోజును మా స్నేహంలో మంచి రోజుల్లో ఒకటిగా దాచుకున్నాను.

పదహారు రోజులు కుట్ర కోసం వెతికాను. కుట్ర లేదు. నా మొహంమీదే చెప్పిన మాట ఉంది. కుట్ర ఉంటే బాగుండుననిపించింది.

ఆదివారం గోదాములో తీగలు బిగించుకుంటూ, “ఏడో పాట విన్నాను,” అన్నాను.

“బాగొచ్చింది కదా,” అన్నాడు సింగర్.

“పాట తర్వాత కూడా విన్నాను.”

వాడి చెయ్యి గిటార్ మీద ఆగిపోయింది. “నేను కత్తిరించేశానే!”

“నువ్వు కత్తిరించకముందే నేను పంపేశాను. రివ్యూలు రాసేవాళ్లకి.”

“ఎంతమందికి?”

“పదకొండుమందికి.”

డ్రమ్మరన్న కర్రలు తొడమీద పెట్టేసి, “అయ్యో దేవరే! పదకొండు మందికా!” అన్నాడు. కాసేపటికి, “వాళ్లందరికీ తెలుగు వస్తాదా?” అని అడిగాడు. ఆశ చావదు.

“నీకు చెప్పకుండా దాన్ని కత్తిరించడం తప్పేరా,” అన్నాడు సింగర్. “మొన్న లాప్‌టాప్‌లో కూడా అదే. వేరే కాపీ ఎక్కడైనా మిగిలిందేమోనని వెతుకుతున్నా. నువ్వు వింటే ఎలా అని.”

“జుట్టాయన?”

“నువ్వెప్పుడు చూశావ్?”

“చేతులు కడుక్కుంటూ.”

“అడిగాను. ఆదివారాలు వాళ్లింట్లో ఒప్పుకోరట.” వాడు గిటార్ పక్కన పెట్టి నా ఎదురుగా బేలు మీద కూర్చున్నాడు. “సరే మామా. నాలుగోసారి చెప్తున్నా. నువ్వు వెనకపడుతున్నావు. రెండేళ్లనుంచీ.”

నోటిదాకా ఒక జోకు వచ్చింది. మంచిదే, ఇప్పటికీ నా దగ్గరుంది. వాడు దానికోసమే ఎదురుచూస్తున్నట్టు పెదాలు అప్పటికే కాస్త వంగాయి. మింగేశాను.

“నాకు తెలియదురా. నిజంగా తెలియదు,” అన్నాను.

“నీకెట్ల తెలుస్తాది?” అన్నాడు డ్రమ్మరన్న. “నువ్వు వచ్చిందాకా నేను నిలబడతా ఉంటే సరిగ్గా వచ్చినా అనే అనుకుంటావు. తప్పు నాదీ ఉండాది.”

“అయితే ఈసారి ఆగొద్దన్నా.”

“ఆగొద్దంటావా? మరి...” ఆయన ఇబ్బందిగా కర్రలు తిప్పాడు. “ఆ ఆగేదే బాగుండాదని రాసినారు కదప్పా. ఇప్పుడు మానేస్తే ఎట్ల? చిన్నాయనకు కూడా పంపించేసినా.”

“అన్నా!” అన్నాడు సింగర్.

“సరే సరే. అడిగినా అంతే.”

ఏడో పాటే మొదలుపెట్టాం. డ్రమ్మరన్న మొదటిసారి ఎవరికోసమూ ఆగకుండా కొట్టాడు. మొదటి చరణం ఎలాగో దాటాను. రెండో చరణంలో ఆయన ముందుకు వెళ్లిపోయాడు. నేను కదలబోతున్న రైలు పక్కన పరిగెత్తినట్టు పరిగెత్తాను, పట్టుకోలేకపోయాను. వినబడింది. ఇంత పెద్ద తేడా ఇన్నాళ్లు నాకెలా వినబడలేదో అర్థంకాలేదు. ఎవరూ ఏమీ అనకముందే మళ్లీ వాయిద్దామన్నాను. మళ్లీ అక్కడే. మూడోసారి కూడా అక్కడే, కాకపోతే కొంచెం తర్వాత.

“వినబడిందా?” అన్నాడు సింగర్. గొంతులో కోపం లేదు.

“వినబడింది.”

నేను గిటార్ సంచీ దగ్గరికి లాక్కున్నాను. నేనే వెళ్లిపోతానని చెబితే హుందాగా ఉంటుందనిపించింది. కానీ మానెయ్యాలని లేదు నాకు. ఇన్నేళ్లలో ఆ సంగతి నేను పైకి ఎప్పుడూ అనలేదని అప్పుడే తోచింది.

“నాకు ఉండాలని ఉంది,” అన్నాను.

ఇద్దరూ నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

“ఒక పని చేద్దాం,” అన్నాడు డ్రమ్మరన్న. “బుధవారం మధ్యాహ్నం రా. మా నాయన బోజనానికి ఇంటికి పోతాడు, గంటన్నర అంగడి మూస్తాము. మనిద్దరమే. నేను ఆగేది లేదు, నువ్వు నవ్విచ్చేది లేదు. ఒక నెల చూద్దాం. కుదిరితే ఉంటావు. లేదంటే లేదు. ఏమప్పా?” అని సింగర్ వైపు చూశాడు.

“నెల,” అన్నాడు సింగర్. తర్వాత నావైపు చూసి, “నెలేరా, నిజంగా,” అన్నాడు. వాడికి ఇంకా నమ్మకం కుదరలేదు. తప్పు లేదు.

ఆ రెండు రోజులూ హాల్లో కూర్చొని మెట్రోనోమ్ పెట్టుకొని వాయించాను. సింగర్ తన గదిలోంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదు, కానీ తలుపు మూసుకోనూలేదు. బుధవారం సగం రోజు సెలవు పెట్టాను. ఈసారి తలనొప్పి అని చెప్పలేదు, సొంత పని అని రాశాను. సంచీ భుజాన వేసుకొని మెట్రోలో నిలబడే వెళ్లాను, వేళ్లతో కమ్మీమీద ఏడో పాట రెండో చరణం కొట్టుకుంటూ. పక్కనున్నాయన దూరం జరిగాడు.

గోదాముకు చేరేసరికి షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల బేళ్లమధ్య చీకట్లో డ్రమ్మరన్న కర్రలు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఆ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తున్నారట. సాయంత్రం నాలుగింటిదాకా కరెంటు రాదు. బేస్ గిటార్‌కు కరెంటు కావాలి, లేకపోతే దాని మోత వాయించేవాడికి తప్ప ఎవరికీ వినబడదు; అయినా సంచీ విప్పి ఆయన ఎదురుగా కూర్చున్నాను.